జముకు వాయించేవోడు రానేదేటి?

మార్చి నెలలో ఒక రాత్రి హాస్టల్ రూమ్‌లో ఫోన్ చూస్తుంటే ఒక వీడియో వచ్చింది. అమెరికాలో చికాగో నగరం, మధ్యలో నది, ఆ నది నీళ్ళన్నీ చిలకపచ్చ రంగు. ఒడ్డున వేల మంది జనం, అందరివీ పచ్చ బట్టలే. ఏదో ఫ్యాక్టరీ నుంచి కెమికల్ లీకయిందేమో అనుకున్నాను. ఇంజినీరింగ్ చదివేవాళ్ళకి ముందు ఆ అనుమానమే వస్తుంది కదా. తీరా చూస్తే అది మార్చి 17న ఐర్లాండ్ వాళ్ళు చేసుకునే సెయింట్ పాట్రిక్ పండగ. 1962 నుంచి ఆ పండగకి నదికి అలా రంగు వేస్తున్నారట.

మా రూమ్మేట్ కూడా తొంగి చూసి, "కల్చర్ అంటే అలా ఉండాలి మావా, ప్రపంచమంతా చేసుకుంటోంది. మనకేముంది?" అన్నాడు. నేను "అవున్రా" అనేశాను. అన్నాక చాలాసేపు నిద్ర పట్టలేదు. ఎందుకు పట్టలేదో చెప్పడానికే ఈ వ్యాసం.

ముందు ఐర్లాండ్ సంగతి చెప్తాను. ఇంటర్నల్స్ పక్కన పెట్టి మరీ రెండు రోజులు దాని గురించే చదివాను. 1845లో అక్కడ బంగాళదుంప పంటకి తెగులు పట్టింది. పేదవాళ్ళకి అదే తిండి, వేరే ఆధారం లేదు. వరసగా కొన్నేళ్ళు కరువు. సుమారు 10 లక్షల మంది చనిపోయారు. ఇంకో 10 లక్షల మందికి పైగా ఓడలెక్కి దేశం వదిలిపోయారు. అక్కడ ఎవరైనా చనిపోతే శవం దగ్గర చుట్టాలు, ఊరివాళ్ళు తెల్లవార్లూ మేలుకుని కూర్చునే ఆచారం ఒకటి ఉంది. ఇంట్లో పిల్లాడు అమెరికా ఓడెక్కుతున్నాడంటే, ముందురోజు రాత్రి ఆ ఆచారాన్నే బతికున్న మనిషికి జరిపేవాళ్ళు. పాటలు, ఆటలు, మధ్యలో ఏడుపులు. దాన్ని 'అమెరికన్ వేక్' అనేవాళ్ళు. వెళ్ళినవాడు మళ్ళీ కంటికి కనపడడని అందరికీ తెలుసు మరి.

అమెరికాలో వాళ్ళకెవరూ పూలదండలు వెయ్యలేదు. కాలవలు తవ్వారు, రైలు పట్టాలు వేశారు, పెద్దోళ్ళ ఇళ్ళల్లో పనిమనుషులుగా చేశారు. అక్కడి పత్రికలు కార్టూన్లలో వాళ్ళని కోతి ముఖాలతో గీశాయి. వాళ్ళు మాట్లాడే తీరుని వెక్కిరించాయి. ఈ ముక్క గుర్తు పెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికి వస్తాను.

వాళ్ళు తీసుకెళ్ళిన ఆచారాలు ఉన్నవి ఉన్నట్టు ఉండిపోలేదు. చలికాలం మొదట్లో వచ్చే పండగకి ఐర్లాండ్‌లో టర్నిప్ దుంపని తొలిచి దీపం పెట్టేవాళ్ళు. అమెరికాలో గుమ్మడికాయ సులువుగా దొరికింది, దాన్ని తొలిచారు. అదే ఇవాళ మన ఐటీ కంపెనీల్లో కూడా చేస్తున్న హాలోవీన్. ఇంటి దగ్గర పండగకి పంది మాంసం వండేవాళ్ళు, న్యూయార్క్‌లో యూదుల దుకాణాల్లో దొరికిన ఉప్పులో ఊరేసిన గొడ్డు మాంసంతో సరిపెట్టుకున్నారు. అదే ఇప్పుడు అక్కడ 'ఐరిష్ వంట'. ఇంకో వింత. న్యూయార్క్‌లో ఈ పండగ ఊరేగింపు 1762లోనే జరిగింది, అప్పటికి అమెరికా అనే దేశమే లేదు. డబ్లిన్‌లో ప్రభుత్వం తరఫున ఊరేగింపు మొదలైంది మాత్రం 1931లో. అంటే ఈ ఊరేగింపు విషయంలో వలస వెళ్ళినవాళ్ళే సొంతూరికి దారి చూపించారు.

చదివాక నాకు అనిపించింది ఇది. ఆ మనుషులు సంస్కృతిని కాపాడదామని కంకణం కట్టుకుని ఏమీ చెయ్యలేదు. పరాయి ఊళ్ళో ఒంటరిగా ఉండలేక దాన్ని వాడుకున్నారు. వాడుకున్నది మిగిలింది, వాడనిది పోయింది. ఇక్కడి నుంచి నా ఆలోచన మా ఊరికి మళ్ళింది.

మాది ఉద్దానం. వజ్రపుకొత్తూరు మండలంలో సముద్రం ఒడ్డున ఉన్న ఊరు. తెలియనివాళ్ళ కోసం చెప్తున్నాను, శ్రీకాకుళం జిల్లాలో పలాస, వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కంచిలి, కవిటి, ఇచ్ఛాపురం దాకా తీరం వెంబడి ఉన్న కొబ్బరి, జీడి, పనస తోటల ప్రాంతాన్ని ఉద్దానం అంటారు. ఉద్యానవనం అనే మాటే అలా మారిందని మా పెద్దోళ్ళు చెప్తారు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఆ తోటలు తెల్లారేసరికి నేల మీద పడుకున్నాయి. కొబ్బరి మొక్క నాటితే కాపుకి ఏళ్ళు పడుతుంది. అన్నేళ్ళు కడుపు ఆగదు కదా. మా వీధిలో ఆ ఏడాది తాళం పడ్డ ఇళ్ళు కొన్ని ఇప్పటికీ తెరుచుకోలేదు. ఐర్లాండ్ కరువుతో దీన్ని పోల్చను, అక్కడ పోయిన ప్రాణాల లెక్క వేరు. కానీ ఒకే పంట మీద ఆధారపడ్డ ఊరు ఒక దెబ్బకి ఎలా ఖాళీ అవుతుందో అర్థం చేసుకోవడానికి నాకు పుస్తకం అక్కర్లేకపోయింది.

మా వైపు వలస తిత్లీతో మొదలవ్వలేదు. మా అమ్మమ్మ వాళ్ళ నాన్న రంగం వెళ్ళాడు. రంగం అంటే రంగూన్, ఇప్పటి యాంగాన్. బర్మా బ్రిటిష్ వాళ్ళ కింద ఉన్న రోజుల్లో కళింగపట్నం, బారువ, గోపాలపూర్ రేవుల్లో ఓడెక్కి మావైపు జనం వేలల్లో అక్కడికి వెళ్ళారు. రేవులో బస్తాలు మోశారు, బియ్యం మిల్లుల్లో పనిచేశారు, రిక్షాలు లాగారు. అక్కడివాళ్ళు తెలుగువాళ్ళని 'కోరంగీలు' అనేవాళ్ళు, మన కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరు మీద. 1917లో మద్రాసు నుంచి రంగూన్ వెళ్తున్న చిల్కా అనే స్టీమరు సముద్రంలో నిప్పంటుకుని బారువ దగ్గర ఒడ్డు పట్టింది. దాని ముక్కలు ఇప్పటికీ ఆ నీళ్ళ అడుగున ఉన్నాయి, ఈతగాళ్ళు దిగి చూసొస్తున్నారు. బారువ బీచ్‌కి పిక్నిక్ వెళ్ళిన మనలో ఎంతమందికి ఆ సంగతి తెలుసు? నాకైతే మొన్నటిదాకా తెలీదు.

ముత్తాత ఓడెక్కిన రోజు గురించి అమ్మమ్మ చెప్పింది, వాళ్ళమ్మ దగ్గర విన్నదే: "ఎలిపోయినోడు ఎలిపోయినట్టే అనుకుని ముందే ఏడిసీసినారటరా. మల్లీ ఒచ్చినప్పుడు ఈది గుమ్మం కాడ కాళ్ళు కడిగి లోనికి తెచ్చుకున్నారట." 'అమెరికన్ వేక్' గురించి చదువుతుంటే నాకు ఈ మాటే గుర్తొచ్చింది. అక్కడ దానికో పేరుంది, పుస్తకాల్లో చోటుంది. ఇక్కడ మా అమ్మమ్మ నోట్లో ఒక వాక్యం ఉంది.

ముత్తాతకి అక్కడ సుఖమేమీ లేదు. 1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు జీతం పెంచమని సమ్మె చేస్తే వాళ్ళ బదులు బర్మావాళ్ళని పెట్టారు, సమ్మె ముగిశాక తీసేశారు. దాంతో పెద్ద గొడవలయ్యాయి, మనవాళ్ళు చాలామంది చచ్చిపోయారు. 1941 డిసెంబరులో జపాన్ బాంబులు వేసింది. ఆ తర్వాతి నెలల్లో లక్షల మంది భారతీయులు కొండలూ అడవులూ దాటి నడిచొచ్చారు. మా ముత్తాత ఆ గుంపులో ఒకడు. ఆయన వెంట వచ్చిన వస్తువుల్లో ఒక లక్క డబ్బా మాత్రం మిగిలింది. అమ్మమ్మ అందులో ఆకూ వక్కా పెట్టుకుంటుంది. అక్కడే ఉండిపోయినవాళ్ళలో చాలామంది 1962లో సైనిక ప్రభుత్వం వచ్చాక తిరిగి వచ్చారు. విశాఖలో కంచరపాలెం వైపు బర్మా క్యాంప్ అనే పేరు అలా వచ్చిందే.

ఇంకా వెనక్కి వెళ్తే మారిషస్. 1834 నుంచి చెరకు తోటల పనికి మన దేశం నుంచి కూలీలని తీసుకెళ్ళారు, అందులో తెలుగువాళ్ళూ ఉన్నారు. అక్కడి తెలుగు కుటుంబాల్లో చాలామంది ఇవాళ ఇంట్లో క్రియోల్ మాట్లాడతారు, తెలుగు బడిలో నేర్చుకుంటారు. కానీ సింహాద్రి అప్పన్న పూజ చేస్తారు, అమ్మోరు పండగ చేస్తారు, రామభజన చేస్తారు. అప్పన్న అంటే మన సింహాచలం దేవుడు. ఉత్తరాంధ్ర ఇళ్ళల్లో సగం మందికి అప్పన్న, అప్పలరాజు, అప్పలమ్మ అని పేర్లుంటాయి చూడండి, ఆ అప్పన్నే. ఎక్కడి నుంచి వెళ్ళారో చెప్పడానికి ఆ ఒక్క పేరు చాలు. నాలుక మీద భాష జారిపోయినా దేవుడి పేరు నిలిచింది. ఉగాది అక్కడ దేశమంతటికీ సెలవు.

ఒక చిన్న చిక్కు ఉంది. మారిషస్‌లోనో దక్షిణాఫ్రికాలోనో ఉన్న తెలుగాయన ఎవరైనా పాత కాగితాల్లో తన పూర్వీకుల ఊరు వెతుక్కుంటే 'శ్రీకాకుళం జిల్లా' అని కనపడదు. మన జిల్లా ఏర్పడింది 1950లో. టెక్కలి, పలాస, సోంపేట వైపంతా 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా గంజాం జిల్లాలో ఉండేది. కాబట్టి అతనికి దొరికేది 'గంజాం' అనే మాట. అది చూసి ఒడిశా వెళ్ళి వెతుక్కుంటాడు పాపం.

మరీ సముద్రాలు దాటక్కర్లేదు. పలాసలో హౌరా వైపు రైలెక్కండి. పూరీ వెళ్తే సముద్రం ఒడ్డున పెంటకట అనే పెద్ద మత్స్యకారుల పేట ఉంది, అక్కడ వినిపించేది తెలుగే. పూరీ బీచ్‌లో కోసుగా ఉండే టోపీ పెట్టుకుని, మునిగిపోయేవాళ్ళని బయటికి లాగే నోలియాలు ఆ జనమే. ఇంకా ముందుకెళ్తే ఖరగ్‌పూర్. ఆ పేరు వినగానే మనకి ఐఐటీ గుర్తొస్తుంది. కానీ ఐఐటీ కంటే యాభై ఏళ్ళ ముందే రైల్వే వర్క్‌షాపు పనికి మన జనం అక్కడ దిగారు. అక్కడి తెలుగువాళ్ళు చేసే అమ్మవారి పండగని ఊరంతా 'మాతా పూజ' అంటుంది. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుని అధికార భాషల్లో చేర్చడానికి ఒప్పుకుంది. అందుకు కారణం అక్కడి తెలుగు కార్మికుల మనవలే, అమెరికా ఎన్నారైలు కాదు. విశాఖలో ఓడెక్కితే అండమాన్. అక్కడి చేపల రేవుల్లోనూ మన మాటే.

ఇక ఇప్పటి వలస గుజరాత్ వేరావల్‌కి. మా తీరంలో పెద్ద బోట్లు ఆగే జెట్టీ లేక ఏళ్ళ తరబడి మా ఊరి మగాళ్ళు ఆగస్టులో వెళ్ళి ఎండాకాలానికి తిరిగొస్తారు. 2018 నవంబరులో అలా వెళ్ళిన మన ఉత్తరాంధ్ర మత్స్యకారులు పాకిస్తాన్‌కి చిక్కి, 2020 జనవరిలో విడుదలయ్యారు. 'తండేల్' సినిమా వచ్చాక ఈ సంగతి అందరికీ తెలిసింది. సినిమా చూసి మా క్లాస్‌మేట్స్ నన్ను "మీ ఊళ్ళో నిజంగా అలా ఉంటుందా?" అని అడిగారు. మా చిన్నాన్న కూడా వేరావల్‌లోనే బోటు మీద ఉన్నాడని నేను చెప్పలేదు.

ఎందుకు చెప్పలేదు? ఇప్పుడు ఆ కార్టూన్ల దగ్గరికి వస్తాను. మన సినిమాల్లో శ్రీకాకుళం యాస ఎవరి నోట్లో పెడతారు? పనిమనిషి, వాచ్‌మన్, నవ్వించడానికి వచ్చే తాగుబోతు. ఫస్టియర్‌లో నేను "నేదు" అన్నప్పుడు వెనక బెంచి మొత్తం నవ్వింది. ఎవరి మీదా కోపం లేదు, వాళ్ళు చెడ్డవాళ్ళేం కాదు. కానీ రెండు నెలల్లో నేను "లేదు" అనడం నేర్చుకున్నాను. ఇంటికి ఫోన్ చేసేటప్పుడు కారిడార్ చివరికి వెళ్ళి మాట్లాడేవాణ్ణి. ఐర్లాండ్ వాళ్ళ పండగని "కల్చర్ అంటే అది" అని ఒప్పుకున్న నోటితోనే మా అమ్మ మాటని దాచాను. ఆ రాత్రి నిద్ర పట్టకపోవడానికి సగం కారణం ఇది.

మిగతా సగం మా ఊరి సంబరం.

మా వైపు గ్రామదేవత పండగని సంబరం అంటాం. టెక్కలి దగ్గర కోటబొమ్మాళి కొత్తమ్మ తల్లి జాతర గురించి చాలామంది వినే ఉంటారు. మాది అంత పెద్దది కాదు, ఊరి మట్టుకి చేసుకునేది. సంబరానికి డబ్బులు ఎక్కువ వేసేది వేరావల్‌లో, పోర్ట్ బ్లెయిర్‌లో ఉన్నవాళ్ళే. పోయిన సంబరానికి మా చిన్నాన్నకి సెలవు దొరకలేదు. రాత్రి పదింటికి వీడియో కాల్ చేశాడు. వెనక బోటు ఇంజను, పక్కన మావైపు కుర్రాళ్ళు నలుగురు తొంగి చూస్తున్నారు. నేను ఫోన్ పైకెత్తి గుడి, దీపాలు, ఘటాలు మోసుకొచ్చే ఆడవాళ్ళు అన్నీ చూపించాను. బోటు మీద వాళ్ళు కూడా అమ్మవారి పేరు చెప్పి ఒక గుడ్డలో పసుపూ కుంకుమా కట్టుకున్నారు, అది చూపించారు. తర్వాత స్టేజి చూపించాను. డీజే పెట్టారు. బాక్సులు మనిషి ఎత్తున ఉన్నాయి. నేను కూడా అంతకుముందే అరగంట ఎగిరొచ్చాను.

చిన్నాన్న కాసేపు చూసి అడిగాడు: "ఒరే, జముకు వాయించేవోడు రానేదేటి? ఎల్లమ్మ కత నేకుండా సంబరమేటిరా?"

జముకుల కథ మా ఉత్తరాంధ్ర కళ. జముకు అంటే ఒక పక్క తోలు మూసిన గిన్నెలాంటి వాయిద్యం, దాని మధ్య నుంచి వచ్చే తీగని మీటితే బుర్రులాంటి ఒక గొంతు వస్తుంది. కథ చెప్పేవాడు ఒకడు, పక్కన వంత, ఎల్లమ్మ కథ తెల్లవార్లూ సాగుతుంది. నా చిన్నప్పుడు ప్రతి సంబరానికీ వచ్చేవాళ్ళు. నేను సగంలోనే అమ్మ ఒళ్ళో నిద్రపోయేవాణ్ణి. ఎప్పుడు ఆగిపోయారో ఎవరూ గమనించలేదు. కమిటీవాళ్ళు డబ్బులు సరిపోక మానేశారనుకుందామంటే, డీజేకి ఇచ్చింది జముకుల కథకి ఇచ్చే దానికంటే చాలా ఎక్కువ. ఆ డబ్బులో చిన్నాన్న కష్టం కూడా ఉంది. ఆయన డబ్బుతోనే ఆయనకి కావలసింది తీసేశాం. సముద్రం మీద ఉన్నవాడికి గుర్తుంది, ఊళ్ళో ఉన్న మాకు గుర్తులేదు.

దీని మీద వచ్చే అభ్యంతరాలు నాకు తెలుసు. "డీజే తప్పా? కుర్రాళ్ళకి ఇష్టమైంది పెట్టకూడదా?" పెట్టుకోవచ్చు. ఐర్లాండ్ వాళ్ళు టర్నిప్ వదిలి గుమ్మడికాయ పట్టుకున్నారు, మనం డప్పు వదిలి బాక్సులు పట్టుకుంటే లోకం మునగదు. కానీ గుమ్మడికాయలో కూడా దీపమే పెట్టారు. మనం మార్చింది వాయిద్యం ఒక్కటే అయితే నాకు బాధ లేదు. ఎల్లమ్మ కథ కూడా దాంతోపాటు పోయింది, ఎవరూ దాన్ని ఇంకో రూపంలో పెట్టలేదు.

రెండో అభ్యంతరం దీనికంటే గట్టిది. "ఆ కళాకారుల పిల్లలు కూడా జముకు పట్టుకుని ఊరూరూ తిరగాలా? నువ్వు మాత్రం బీటెక్ చదువుకోవచ్చా?" ఇది న్యాయమైన ప్రశ్న. ఇలాంటి కళలు చాలావరకు కులంతో, పేదరికంతో కట్టేసి ఉన్నాయి. వాళ్ళ అబ్బాయి జముకు వదిలి ఉద్యోగంలో చేరితే చప్పట్లు కొట్టాల్సిందే. మోసుకెళ్ళినదంతా మంచిదని కూడా నేను అనను. వలస వెళ్ళినవాళ్ళు దేవుడితో పాటు కులాన్నీ మోసుకెళ్ళారు, ఆడవాళ్ళ మీద పెట్టిన కట్టుబాట్లనీ మోసుకెళ్ళారు. అవి సముద్రంలో పడిపోయినా బాధపడక్కర్లేదు. కానీ మనిషి ఆ పని వదిలెయ్యడం వేరు, ఆ మనిషి తలలో ఉన్న కథ ఎవరూ వినకుండా మట్టిలో కలిసిపోవడం వేరు. మొదటిది అతని హక్కు. రెండోది మన బద్ధకం.

ఇక్కడ మళ్ళీ ఒక ఐర్లాండ్ మనిషి గురించి చెప్పాలి. పేరు ఫ్రాన్సిస్ ఓనీల్. 1848లో కార్క్ వైపు పుట్టాడు, కుర్రతనంలోనే ఓడెక్కాడు, చివరికి చికాగోలో పోలీసు అయ్యాడు. 1901 నుంచి 1905 దాకా ఆ నగర పోలీసు శాఖకి పెద్ద. అతనికి వేణువు వాయించడం వచ్చు, రాగాలు విని పట్టుకోవడం వచ్చు, కానీ స్వరాలు రాసుకునే విద్య అంతగా లేదు. చికాగోలో ఉన్న ఐరిష్ కూలీల దగ్గర, పోలీసుల దగ్గర పాత బాణీలు విని గుర్తు పెట్టుకుని వచ్చి వాయిస్తే, అదే శాఖలో పనిచేసే జేమ్స్ ఓనీల్ అనే ఇంకొకాయన కాగితం మీద రాసేవాడు. 1903లో 1850 బాణీలతో పుస్తకం వేశారు. తర్వాత ఐర్లాండ్‌లో ఉన్న వాయిద్యకారులు కూడా ఆ పుస్తకాలు చూసి నేర్చుకున్నారు. యూనివర్సిటీ లేదు, గ్రాంట్ లేదు. డ్యూటీ దిగిన పోలీసులు చేసిన పని అది.

అలాంటివాళ్ళు మనకి లేరని కాదు. గిడుగు రామమూర్తి గారు మన శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. వాడుక భాష కోసం పోరాడారని ఆగస్టు 29న ఉపన్యాసాలిస్తాం. అదే మనిషి పర్లాకిమిడిలో ఉంటూ సవరల దగ్గర కూర్చుని, వాళ్ళ మాట నేర్చుకుని, ఆ భాషకి వ్యాకరణం, నిఘంటువు తయారుచేశాడు. కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో శ్రీకాకుళంలో కథానిలయం పెట్టి, ఎక్కడెక్కడి తెలుగు కథల్నీ ఒక చోటికి చేర్చారు. ఇద్దరూ బడి పంతుళ్ళే. అచ్చయిన కథకి మన జిల్లాలో ఒక ఇల్లు ఉంది. అచ్చవ్వని కథకి, అంటే రంగం వెళ్ళొచ్చిన మనిషి చెప్పిన కథకి, వేరావల్ బోటు మీద పాడుకునే పాటకి, ఇంకా ఇల్లు లేదు.

మన జేబులో ఉన్న ఫోన్ ఓనీల్ కలలో కూడా ఊహించనిది. స్వరాలు రాయడం రానక్కర్లేదు, ఎర్ర బటన్ నొక్కితే చాలు. మనం మినీ ప్రాజెక్టు పేరుతో ప్రతి ఏడూ చేసిందే చేసి నెట్‌లోంచి రిపోర్టు దింపుతాం. కల్చరల్ ఫెస్ట్ రోజు అద్దెకి తెచ్చిన పంచెలు కట్టుకుని ఫొటోలు దిగుతాం. అదీ బాగానే ఉంటుంది, నేనూ దిగాను. కానీ ఆ స్టేజి మీద ఎప్పుడైనా తప్పెటగుళ్ళు ఆడారా? తూర్పు భాగవతం పెట్టారా? తెలుగు సంస్కృతి అనగానే మనకి ఒకే రకం పంచె, ఒకే రకం పాట, ఒకే రకం మాట గుర్తొస్తాయి. అమెరికాలో తెలుగు సంఘాల వేడుకలు చూసి గర్వపడే మనం పెంటకట పేటని, ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్లని, వేరావల్ రేవుని ఆ లెక్కలో వెయ్యం. వీసా మీద వెళ్ళినవాడు మోసుకెళ్తే సంస్కృతి, జనరల్ బోగీలో వెళ్ళినవాడు మోసుకెళ్తే వెనకబాటుతనమా? చికాగో నదికి రంగు వేసిన జనం తాతలు కూడా మన జనరల్ బోగీ లాంటి ఓడ అడుగునే వెళ్ళారు.

అందుకని మాటలతో ఆపకుండా ఒక పని మొదలుపెట్టాను. మొన్న సెలవుల్లో మా ఊరికి ఇదివరకు వచ్చే జముకుల కథ తాత ఇంటికి వెళ్ళాను. మొదట నమ్మలేదు. "మీకు పరీచ్చల్లో మార్కులేస్తారా దీనికి?" అని అడిగాడు. లేదు తాతా, చిన్నాన్న అడిగాడు అన్నాను. జముకు అటక మీద నుంచి దింపించాడు. తీగ తెగిపోయి ఉంది. మర్నాడు రమ్మన్నాడు. మర్నాడు కొత్త తీగ కట్టి, వంత లేకుండా ఒక్కడే నలభై నిమిషాలు చెప్పాడు. మధ్యలో రెండు చోట్ల మర్చిపోయాడు. మర్చిపోయినప్పుడు ఆయన ముఖం చూడలేకపోయాను. డబ్బులిస్తే ముందు వద్దన్నాడు, తర్వాత తీసుకున్నాడు. ఇవ్వడం కూడా ముఖ్యమే, ఉత్తినే పాడించుకుని రాకండి.

ఆ రికార్డింగు చిన్నాన్నకి పంపాను. రెండు రోజులు జవాబు లేదు, సముద్రంలో సిగ్నల్ ఉండదు. మూడో రోజు వాయిస్ మెసేజ్ వచ్చింది. ఇంజను చప్పుడు, దాని మధ్యలో మా తాత గొంతు, దాని మీద ఐదారుగురు మగాళ్ళు వంత పాడుతున్నారు. తాత మర్చిపోయిన రెండు చోట్లలో ఒక చోట బోటు మీద ఎవరో ఆ ముక్క అందించారు. గొంతు ఎవరిదో నాకు తెలీదు. దాన్ని తీసుకెళ్ళి తాతకి వినిపించాను. "అదే, అదే" అని తొడ మీద చరుచుకున్నాడు. ఇంకో ముక్క ఎవరి దగ్గరుందో ఇంకా వెతుకుతున్నాను.

ఈ సెలవుల్లో మీరూ ఒక గంట ఖర్చు పెట్టండి. ఇంట్లో పెద్దవాళ్ళని మూడే అడగండి. మన ఇంట్లోంచి మొదట ఊరు దాటి వెళ్ళింది ఎవరు, ఎక్కడికి? వెళ్ళేటప్పుడు చేతిలో ఏం పట్టుకెళ్ళారు, వచ్చేటప్పుడు ఏం తెచ్చారు? అక్కడ పండగ ఎలా చేసుకున్నారు? వాళ్ళు ఏ యాసలో చెప్తే ఆ యాసలోనే రికార్డు చెయ్యండి, 'శుద్ధి' చెయ్యకండి. వాళ్ళు సరేనంటే మన క్లబ్‌కి పంపండి. వచ్చే సంచికలో నాలుగు పేజీలు దీనికి కేటాయించమని ఎడిటర్ గారిని ఇక్కడే అడుగుతున్నాను. పాలమూరు నుంచి బొంబాయి వెళ్ళినవాళ్ళున్నారు, కరీంనగర్ నుంచి గల్ఫ్ వెళ్ళినవాళ్ళున్నారు, అందరి ఇళ్ళల్లోనూ ఒక లక్క డబ్బా ఉండే ఉంటుంది.

మా రూమ్మేట్‌కి ఆ వాయిస్ మెసేజ్ వినిపించాను. సగం అర్థం కాలేదన్నాడు, ఇంకోసారి పెట్టమన్నాడు. "మనకేముంది" అన్న మాట మళ్ళీ అనలేదు. నేను ఇప్పుడు ఇంటికి రూమ్‌లోంచే ఫోన్ చేస్తున్నాను. మొన్న అమ్మ "తిన్నావేటిరా?" అంటే, "ఇంకా నేదే అమ్మా" అన్నాను. ఎవరూ నవ్వలేదు. నవ్వినా పర్లేదు.